సడలిన కమాను



ఈ పత్రికయందు మనకు పరిచితములైన విషయములు ఊరగాయలు, శిశుపోషణము, కుట్టుపనులు, వ్రతకథలు. ఇట్టిచోట మేము పాతబండి వెనుకభాగము క్రుంగుటను గూర్చి వ్రాయబూనుట చూచి కొందఱు నవ్వవచ్చును. ఇనుము, నూనె, జిడ్డు గల పనులు మగవారివి, వానితో మనకేమి పని యని మేమును చాలకాల మనుకొంటిమి. కాని యింటికి అన్నము పెట్టు బండి క్రుంగినప్పుడు ఆ క్రుంగుబాటు వంటయింటి పద్దుల పుస్తకము వఱకును వచ్చును. మా విషయమున నది యా పుస్తకమునందే పుట్టినది. కావున చెప్పవలసిన బాధ్యత మాదే యని తలంచి వ్రాయుచున్నాము.

మాది నూజివీడు ప్రాంతమునందలి యొక పల్లె. మా వారు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము చెప్పుదురు. మాకు బడిచదువు స్వల్పము. మా తండ్రిగారు ఇంటనే అమరకోశము, భారత భాగవతములు చెప్పిరి. లెక్కలు మాత్రము బియ్యపు బస్తాల మీదను, పాలపద్దుల మీదను నేర్చుకొంటిమి. మా మఱదియు, తోడికోడలును మాతోడనే యుందురు. మా మఱది 2018వ సంవత్సరమున ఒక పాత పికప్పు బండి కొనెను. అది 2009వ సంవత్సరపు తయారీ. ముందు ఇద్దఱు కూర్చుండుటకు చిన్న గది, వెనుక సామాను వేయుటకు తొట్టి, అంతే. వేసవిలో తోటలనుండి బంగినపల్లి కాయలను, చిన్నరసములను నున్న మామిడి మార్కెట్టునకు తోలుట దానికి ముఖ్యమైన పని. తక్కిన నెలలలో ఎరువుల బస్తాలు, సిమెంటు, పెండ్లి సామానులు.

మా మఱది ఏనాటి కిరాయి ఆనాడే తెచ్చి మా చేతిలో పెట్టును. పద్దు వ్రాయునది మేము. మామిడికాయలను ప్లాస్టికు ట్రేలలో నింపుదురు. ట్రే యొకటికి కాయలు 20 కిలోలు, ట్రే బరువు 2 కిలోలు, వెరసి 22 కిలోలు. ట్రేకు కిరాయి 25 రూపాయలు. మొదట మాబండి 50 ట్రేలు తోలుచుండెడిది. 2022వ సంవత్సరమున మా తోడికోడలి కుమార్తెను విజయవాడలో ఇంటర్మీడియెట్టునందు చేర్పవలసి వచ్చెను. చదువు, వసతిగృహము, పుస్తకములు అన్నియు కూడితిమి. పద్దు చాలలేదు. ఆ రాత్రి భోజనములైన పిదప పెన్సిలు చేతబట్టుకొని, "ఇంకొక పదిహేను ట్రేలు పట్టవా?" యని మా మఱదిని మేమే యడిగితిమి.

"తొట్టిలో చోటుంది వదినా, పడతాయి" అని యాతడు చెప్పెను.

చోటుండుటయు, మోయగలుగుటయు ఒక్కటే యని ఆనాడు మేమిద్దఱమును అనుకొంటిమి. మఱునాటినుండి 65 ట్రేలు వెళ్ళజొచ్చెను.

నెల తిరుగకముందే బండి వాలకము మాఱెను. ఖాళీగా వాకిట నిలిపినప్పుడు కూడ వెనుకభాగము నేల చూచుచుండెను. చక్రముల వెనుక వ్రేలాడు బురదరబ్బరులు మట్టిని ఊడ్చుచుండెను. గతుకు వచ్చినచోట క్రిందనుండి ఇనుము ఇనుమును కొట్టుకొనుచున్నట్లు చప్పుడు వచ్చుచున్నదని మా మఱది చెప్పెను. దారిపక్కనున్న యొక పనివానివద్దకు తీసికొనిపోగా, ఆతడు వెనుక కమాను కట్టలు విప్పి, చదునైన పట్టీలను గ్యాసు మంటతో ఎఱ్ఱగా కాల్చి, సమ్మెటతో కొట్టి మఱల వంచి, అవి చాలవని రెండువైపులను పాతలారీ పట్టీ యొక్కొక్కటి చేర్చి బిగించెను. పని ఒకపూటలో ముగిసెను. ఖర్చు 3,200 రూపాయలు. బండి వెనుకభాగము జానెడు లేచి నిలిచెను. ఖాళీబండిలో గుడికి వెళ్ళివచ్చిన మా అత్తగారు మాత్రము, "రోట్లో వేసి దంచినట్టుందే" యని నడుము పట్టుకొని దిగిరి. ఆ మాటను మేమెవ్వరమును లెక్కచేయలేదు.

పట్టీ చేర్చితిమి గదా, బండికి బలము వచ్చినది గదా యని 65 ట్రేలను 80 చేసితిమి. మఱుచటి వేసవికి 90 చేసితిమి. ప్రతిసారియు ఆ యంకె మొదట మా పెన్సిలు కొననుండియే వచ్చెను. రెండవ వేసవి నడుమకు వచ్చుసరికి బండి మఱల క్రుంగెను. కాపు ముగిసిన పిదప చూతమని వాయిదా వేసితిమి.

2023వ సంవత్సరము మే నెలలో ఒకనాడు తెల్లవారుజామున నాలుగు గంటలకు మా మఱది 90 ట్రేలతో నున్నకు బయలుదేరెను. చీకటి యింకను విడలేదు. ఒక మలుపున ఎదురుగా మోటారుసైకిలు వచ్చెను. దానిపై రైలు దిగి యింటికి పోవుచున్న భార్యాభర్తలు, ఆమె యొడిలో ఏడాది బిడ్డ. మా మఱది లైటు తగ్గించియే యుండెను. ఐనను వెనుకభాగము క్రుంగిన బండికి ముక్కు పైకి లేచియుండును. తగ్గించిన లైటు సయితము ఎదుటివారి కన్నులలోనికే పోవును. ఆ గృహస్థునకు త్రోవ కనబడక బండి పక్కగుంటలో పడెను. దైవకృపవలన బిడ్డకు గీటైన తగులలేదు. ఆయనకు మోకాలు చెక్కుకొనిపోయెను. ఆ యిల్లాలు బిడ్డను రొమ్మునకు అదుముకొని పడుటచే చేతిగాజులు పగిలి మణికట్టు తెగెను. మా మఱది వారిని తన పక్కనే కూర్చుండబెట్టుకొని దగ్గఱనున్న వైద్యశాలకు చేర్చెను. నాలుగు కుట్లు పడినవి. ఆ దినము మార్కెట్టునుండి తిరిగివచ్చి ఆతడు అన్నము ముట్టలేదు. "నా తప్పేముంది వదినా? లైటు దించే ఉంచాను" అని మాత్రము పలుమాఱులనెను. ఆతని తప్పేమియు లేదని మాకు తెలియును. ఎవరిదో చెప్పుటకు మాత్రము మాకు నోరు రాలేదు.

కర్ణుని రథచక్రము యుద్ధభూమిలో క్రుంగినదని చదివినప్పుడు బాల్యమున మేము నేలపై కోపగించితిమి. అది క్రుంగుట శాపము పొందిన నాడే నిశ్చయమైనదని మా తండ్రిగారు చెప్పెడివారు. ఆ రాత్రి నిద్రపట్టక పద్దుల పుస్తకము తీసి చూచితిమి. 50, 65, 80, 90 అను అంకెలు మా చేవ్రాతలోనే యుండెను.

మఱునాడు ఉదయమున బండిని ఖాళీచేయించి ఊరి కళ్ళమునందలి సిమెంటు నేలపై నిలిపించితిమి. మా కుట్టుపని టేపు తీసికొనిపోయి, వెనుకచక్రము నడిబొడ్డునుండి తొట్టి యడుగు వఱకు కొలిచితిమి. ఎడమవైపు 36 సెంటీమీటరులు, కుడివైపు 33. కంటితో చూచినంతకాలము కొంచెము క్రుంగినది యని సర్దిచెప్పుకొన్న మాకు, టేపు మీద మూడు సెంటీమీటరుల తేడా కనబడగానే మనసు చల్లబడెను. రైకకు భుజము కుదురకున్నచో ఎక్కడ కొలువవలెనో మనకు తెలిసినట్లే ఇదియును. కొలత లేనిదే లోపము లోపముగ కనబడదు.

ఆ యాదివారము మా వారును, మఱదియు బండిని విజయవాడ ఆటోనగరునకు తీసికొనిపోవుచుండగా మేమును వెంట వెళ్ళితిమి. అచ్చట కమాను కట్టలు మాత్రమే చేయు వృద్ధుడైన మేస్త్రి యొకరు కలరు. మమ్ము చూచి మొదట సంకోచించెను. పద్దు వ్రాయునది మేమని తెలిసినపిదప నవ్వి, ప్రతి భాగమును చేతికిచ్చి చూపెను. అప్పటికిగాని మాకు కమాను కట్ట యేమియో తెలియలేదు.

చదువరులకు తెలియుటకై చెప్పెదము. వెనుక ఇరుసునకు ఇరుప్రక్కల ఉక్కుపట్టీలు ఒకదానిపై నొకటి పేర్చి కట్టిన కట్టలు రెండుండును. అన్నిటికంటె పొడవైన పట్టీకి ఇరుకొసలయందును చుట్టిన చెవులుండును. దాని క్రింద క్రమముగా పొట్టి పట్టీలు. ముందు చెవి బండి చట్రమునకు సీలతో బిగింపబడియుండును. వెనుక చెవి ఊగెడు చిన్న లంకెకు తగిలింపబడియుండును. ఏలయన, బరువు పడి వంపు తగ్గినప్పుడు పట్టీ పొడవగును. ఆ పొడవునకు కదలుటకు చోటు కావలెను. నడుమనొక బోల్టు పట్టీలన్నిటిని గ్రుచ్చి నిలుపును. రెండు యూ ఆకారపు బోల్టులు కట్టను ఇరుసుతో కలిపి బిగించును. గతుకు వచ్చినప్పుడు చక్రము లేచును, పట్టీలు వంగి ఒకదానిపై నొకటి జాఱి ఆ దెబ్బను మ్రింగును, బండిలోనివారికి కొంచెమే తెలియును. పట్టీలకు వంపు పోయినచో మ్రింగుటకు శక్తి యుండదు. దెబ్బ యంతయు చట్రమునకును, ఇరుసునకును, టైరులకును పోవును.

మేస్త్రి మా పట్టీలను వెలుతురులో త్రిప్పి చూచి, "అమ్మగారూ, వీటిని గ్యాసుతో ఎర్రగా కాల్చారు. ఆ రోజే వీటి ప్రాణం పోయింది" అనెను. కమాను ఉక్కు సామాన్యమైన ఇనుము కాదట. కొలిమిలో తగిన వేడికి తెచ్చి, నూనెలో ముంచి గట్టిపఱచి, మఱల మితమైన వేడితో ఆ గట్టిదనపు పెళుసును తీసిన పిదపనే దానికి వంగి లేచు గుణము వచ్చును. మంటతో ఎఱ్ఱగా కాల్చి సమ్మెటతో వంచి వదలినచో వంపు వచ్చును గాని, ఆ గుణము పోవును. చేర్చిన లారీపట్టీ మందమైనది. ఖాళీబండికి అది వంగనే వంగదు. అందువలననే మా అత్తగారి నడుము నొచ్చెను. నిండుబండిలో భారమంతయు ఆ యొక్కదానిపై పడగా దాని ప్రక్కపట్టీకి నడుమబోల్టు కడ వెండ్రుకవాసి పగులు పుట్టియుండెను. అది దారిలో విఱిగినచో ఇరుసు ఒకవైపు జరిగి బండి తిరిగిపోవునని మేస్త్రి చెప్పెను.

"ఇంకో పట్టీ వేస్తే చాలదా?" యని మా మఱది యడిగెను.

"పట్టీ వేస్తే బండి ఎత్తు పెరుగుతుంది బాబూ. ఇరుసు పెరగదు, బ్రేకు పెరగదు, టైరు పెరగదు" అని మేస్త్రి బదులు చెప్పెను. మా మఱది మఱి మాటాడలేదు. మేమును తలవంచుకొంటిమి.

ఇంటికి వచ్చిన పిదప మా వారు ఈ విషయమునే మాకు శాస్త్రరీతిగా వివరించిరి. రాబర్టు హుక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1678వ సంవత్సరమున ప్రకటించిన నియమము ప్రకారము, కమానుపై ఎంత బరువు వేసిన అంత సాగును. బరువు రెట్టించిన సాగుటయు రెట్టించును. బరువు తీసినచో యథాస్థితికి వచ్చును. అయితే దీనికొక హద్దు కలదు. వారు మా జడపిన్ను నొకదానిని తీసికొని కొంచెము విప్పి వదలిరి, అది మఱల కూడుకొనెను. ఇంకను విప్పి వదలిరి, అది విప్పినట్లే నిలిచిపోయెను. "హద్దు దాటినది తిరిగి రాదు. హద్దు దాటకున్నను, హద్దు అంచున వేలమాఱులు వంచినచో లోపల పగులు పుట్టును" అని చెప్పిరి. ఆ పిన్ను ఇప్పటికిని మా పద్దుల పుస్తకములోనే యున్నది.

మాకు తోచిన మాట యొకటి చెప్పెదము. కమాను అనగా పారసీక భాషలో విల్లు. ఉర్దూ మీదుగా మన పనివారి నోట నిలిచినది. అమరకోశమున రథాంగముల పేర్లు మాకు కంఠస్థములే. చక్రమునకు, నేమికి, నాభికి, ఇరుసు కొన సీలకు సయితము పేర్లున్నవి. కమానువంటి దానికి మాత్రము మేము చదివినంతలో పేరు కనబడలేదు. అయినను వింటిని గూర్చి మన పెద్దలకు తెలియని దేమి? పోరు ముగిసినపిదప విలుకాడు అల్లెత్రాడు దింపి వింటిని విశ్రాంతిగా నుంచును. ఎక్కుపెట్టియే యుంచినచో ఎంతటి విల్లైనను వంపునకు అలవడి బలము చెడును. మేము మా వింటిని రెండు వేసవులు దింపనేలేదు. దింపకపోవుటయేగాక ప్రతియేడును మఱింత లాగితిమి.

మేస్త్రి సలహాపై పాతపట్టీలకు మఱల మరమ్మతు చేయింపక, ఆ బండికి తయారీదారులు నిర్ణయించిన కొలతల క్రొత్త కట్టలనే రెండువైపులను వేయించితిమి. ఒకవైపు మాత్రము క్రొత్తది వేసినచో బండి ప్రక్కకు ఒరగును. కట్టలు రెండింటికి 16,000 రూపాయలు, యూ బోల్టులు, సీలలు, చెవులలోని రబ్బరు బుష్షులు కలిపి 2,400, కూలి 2,000. మొత్తము 20,400 రూపాయలు. పని ముగిసినపిదప మా టేపుతో మఱల కొలిచితిమి. ఇరువైపులను 43 సెంటీమీటరులు. వారము తిరిగినచో ఒక సెంటీమీటరు తగ్గును, భయపడవలదు, క్రొత్తకమాను సర్దుకొనుట సహజమని మేస్త్రి ముందే చెప్పెను. అట్లే 42 కడ నిలిచెను.

ఆ రాత్రి మేము పద్దును మొదటినుండి తిరుగవేసితిమి. రెండు వేసవులలో 50కి మించి వేసిన ట్రేలు 2,320. వానివలన వచ్చిన కిరాయి 58,000 రూపాయలు. ఇంత సొమ్ము వచ్చెనని యెప్పటికప్పుడు సంతసించుచుంటిమి. ఇప్పుడు ఎదుటి వరుసలో వ్రాసితిమి: మొదటి మరమ్మతు 3,200, కాలము తీరకముందే అరిగిన వెనుకటైరులు రెండు 13,000, బ్రేకు సామాను 5,400, చక్రము బేరింగు 3,800, క్రొత్త కమానులు 20,400, మరమ్మతులకై కాపుకాలమున బండి నిలిచిన తొమ్మిది దినముల కిరాయి 13,500. వెరసి 59,300. అత్యాశకు పోయి మేము గడించినది 1,300 రూపాయల లోటు. అధికముగా కాలిన డీసెలును ఈ లెక్కలో చేర్చలేదు. ఆ యిల్లాలి మణికట్టు కుట్లను ఏ వరుసలో వ్రాయవలెనో మాకు తెలియలేదు.

ఇంకొకటి. బండి రిజిస్ట్రేషను కార్డు ఇంటిలో పెట్టెయడుగున నుండెను. దానిని ఆనాడే మొదటిసారి చదివితిమి. ఖాళీబండి బరువు 1,550 కిలోలు, నిండుబండి యుండదగిన బరువు 2,800 కిలోలు. నడిమి భేదము 1,250 కిలోలు. అందులోనే తోలువాడును, తోడు మనిషియు చేరవలెను. ఇద్దఱు మనుష్యులకు 130 తీసివేయగా మిగులునది 1,120. ట్రేలు 50 ఐనచో 1,100. మొదట మా మఱది తనంతట తాను వేసికొన్న 50 ట్రేలే సరియైన లెక్క! 90 ట్రేలనాడు సామాను బరువే 1,980 కిలోలు. 2019వ సంవత్సరపు మోటారువాహనముల సవరణ చట్టము అధికభారమునకు 20,000 రూపాయలును, మించిన ప్రతి టన్నునకు మఱి 2,000 రూపాయలును జరిమానా విధించుచున్నది. మాకది పడకపోవుట అదృష్టమే గాని అందు మా మంచితన మేమియు లేదు.

పదిదినముల తరువాత మేమును, మా తోడికోడలును ఒక గంపెడు రసములు తీసికొని ఆ దంపతుల యింటికి వెళ్ళితిమి. ఆ యిల్లాలు కుట్లు విప్పిన చేతితోనే మాకు పీటలు వేసెను. బిడ్డ మా కొంగు పట్టుకొని నిలుచుండెను. "లైటు కళ్ళల్లో పడింది, అంతే. దారి కనబడలేదమ్మా. మీ మరిది మంచివాడు, వదిలేసి పోలేదు" అని యామె చెప్పెను. అప్పుడు మేము జరిగినది చెప్పితిమి. ట్రేలు పెంచినది మేమేనని, అందువలననే బండి క్రుంగి లైటు లేచినదని చెప్పితిమి. ఆమె కొంతసేపు మౌనముగా నుండి, "మా ఆయన ఆటోకి కూడా నేనే అంటుంటానమ్మా, ఇంకో ఇద్దరిని ఎక్కించుకోవచ్చుగా అని" అనెను. ఆ మాట విన్నప్పటినుండి ఈ వ్యాసము వ్రాయవలెనని మా మనసున నుండినది. మన యిండ్లలో బండి తోలువారు మగవారు కావచ్చును. "ఇంకొంచెము" అను మాట తఱచుగా మన నోటినుండి వచ్చును. పిల్లల చదువులకనియో, అప్పుల కనియో, మంచి యుద్దేశముతోనే వచ్చును. ఉక్కునకు మన యుద్దేశము తెలియదు. దానికి తెలిసినది బరువొక్కటే.

బండిగల యిండ్ల సోదరీమణులకు కొన్ని మాటలు మనవి చేసెదము. నెలకొకమాఱు ఖాళీబండిని చదునైన నేలపై నిలిపించి, ఇరువైపుల చక్రము నడిబొడ్డునుండి పైయంచు వఱకు కొలిచి వ్రాసియుంచుడు. ఒకవైపు తగ్గినను, రెండువైపుల తగ్గినను తెలియును. బరువు వేసిన పిదప సాయంకాలమున గోడకెదురుగా నిలిపి లైటు ఎంత యెత్తున పడుచున్నదో చూడుడు. బండిలో లైటు దించు మీట యున్నయెడల నిండుబరువునాడు దానిని దింపవలెను. కొన్ని బండ్లయందు చట్రమునకును వెనుక ఇరుసునకును నడుమ నొక మీట యుండి, వెనుక బరువును బట్టి వెనుక బ్రేకునకు బలము పంచును. కమాను సడలినచో అది ఖాళీబండిని నిండుబండి యని భ్రమించును. తడిదారిలో చక్రములు పట్టుకొని జాఱును. కమాను మార్చినపిదప ఆ మీటను కూడ సరిచేయింపవలెను. విప్పిన యూ బోల్టులను మఱల వాడక క్రొత్తవి వేయింపుడు. 500 కిలోమీటరులు తిరిగిన పిదప వానిని మఱల బిగింపింపుడు. రబ్బరు బుష్షుల సీలలను బండి తన చక్రములపై నిలిచినపిదపనే గట్టిగా బిగింపవలెను. గాలిలో వ్రేలాడుచుండగా బిగించినచో రబ్బరు మెలిపడి చిరకాలము నిలువదు. అన్నిటికంటె ముఖ్యమైనది: జాకీ యొక్కదానిని నమ్మి ఎవ్వరిని బండి క్రిందికి దూఱనీయకుడు. చట్రము క్రింద గట్టి స్టాండులు పెట్టి, ముందుచక్రములకు అడ్డు వేసినపిదపనే పని చేయవలెను. ఈ యొక్క విషయమున ఇల్లాలు వాకిట నిలిచి గట్టిగా చెప్పిన తప్పులేదు.

ఆ తరువాత 2024, 2025 సంవత్సరముల మామిడికాపులు గడచినవి. మాబండి 50 ట్రేలకు మించి తోలలేదు. కాయ విరివిగా వచ్చిన దినములలో రెండు తిరుగుళ్ళు వేయును. అదియు కుదరనినాడు మిగిలిన కాయను పొరుగు బండివారికి వదలుచున్నాము. పిల్ల వసతిగృహపు సొమ్మును మూడు వాయిదాలలో కట్టుటకు బ్రతిమాలి ఒప్పించితిమి. వసారాకు వేయదలచిన కప్పు ఇంకను వేయలేదు. మా అత్తగారు మాత్రము ఆ బండిలోనే గుడికి వెళ్ళివచ్చుచున్నారు.

పద్దుల పుస్తకమున ప్రతినెల మొదటి పుట పైభాగమున, పాలవాని పద్దుకంటె ముందు, ఒక పంక్తి వ్రాయుట మాకు అలవాటైనది. ఈ నెల కొలత: ఎడమ 42, కుడి 42.